జూలైలో కనిపించిన జింకలు ఏమయ్యాయి?

ప్రశ్న: నేను ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటాను. ఐటీ ఉద్యోగం. నిరుడు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేశాను. ఏడాదిగా కాంపౌండ్ విల్లుతో (కప్పీలుండే విల్లు) ప్రాక్టీసు చేస్తున్నాను, 25 గజాల దాకా గురి బాగానే కుదిరింది. ఆఫీసులో ఒక స్నేహితుడి మామగారికి కొషాక్టన్ కౌంటీలో 70 ఎకరాల పొలం ఉంది. సగం సోయా, మొక్కజొన్న. మిగతా సగం అడవి, మధ్యలో ఒక వాగు. అక్కడ వేటాడుకోవచ్చని ఆయన కాగితం మీద రాసిచ్చారు. జూలైలో సాయంత్రాలు సోయా చేలో పెద్ద కొమ్ముల మగజింకలు ఐదు కలిసి మేస్తూ కనిపించేవి. అప్పట్నుంచి ప్రతి శనివారం వెళ్తున్నాను. జంతువు కదిలితే తమంతట ఫొటో తీసే కెమెరాలు నాలుగు చెట్లకి కట్టాను, అడవంతా నడిచాను. ఆగస్టు ఆఖరు వచ్చేసరికి ఒక్కటీ లేదు. రాత్రి రెండింటికి ఆడజింకలు, రక్కూన్లు తప్ప కెమెరాల్లో ఏమీ పడటం లేదు. సీజన్‌కి నాలుగు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది. ఇంకా ఎక్కువ తిరగాలా? వేరే చోటు వెతుక్కోవాలా? ఇంకో మాట. మా ఆవిడేమో "మన దగ్గరైతే జైల్లో వేస్తారు, ఇక్కడ డబ్బు కట్టి మరీ చంపుతావా" అంటోంది. ఏం చెప్పాలి?

జవాబు: ఇంకా ఎక్కువ తిరగడం మాట అటుంచండి, వచ్చే రెండు వారాలు ఆ అడవిలో అడుగు పెట్టకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జూలై నుంచి ఆ జింకల మీద మీరు రెక్కీ చేస్తున్నారని మీ లెక్క. అక్కడ జరిగింది వేరు. మీరు బండి ఎక్కడ ఆపుతారు, ఏ కంచె దాటి లోపలికి వస్తారు, ఎంతసేపు ఉంటారు, ఇవన్నీ అవే చూసిపెట్టుకున్నాయి. శనివారమని పేరు తెలియకపోవచ్చు గానీ మిగతాదంతా వాటికి తెలుసు.

మన భాషలో పసిగట్టడం అనే మాట ఉంది. పసి అంటే వాసన. మనం ఆ మాటని దొంగని కనిపెట్టడానికీ, అబద్ధాన్ని పట్టుకోవడానికీ వాడేసి అసలు అర్థం మరిచిపోయాం. మీరు వేటాడబోయే ఇక్కడి తెల్లతోక జింక, వైట్‌టెయిల్, మరిచిపోలేదు. మీరు ఇంటికి వచ్చేశాక కూడా మీ వాసన ఆ గడ్డి మీద, మీరు చేత్తో పక్కకి తోసిన కొమ్మ మీద, కెమెరా పట్టీ మీద గంటల తరబడి ఉంటుంది. చీకటి పడ్డాక మేతకొచ్చిన ఆడజింక అక్కడ ఆగి, ముక్కు పైకెత్తి, ముందుకాలి గిట్టతో నేలని తన్ని, బుస్సుమని ఊపిరి వదిలి, తెల్లతోక ఎత్తుకుని వచ్చిన దారినే పోతుంది. ఆ బుస విన్న చుట్టుపక్కల జింకలన్నీ చెవులు నిక్కిస్తాయి. ఒక్కసారైతే మరిచిపోతాయేమో. ఎనిమిది శనివారాలంటే ఆ తోవన్నా మానుకుంటాయి, లేదంటే మనిషి ఉండని వేళకి మార్చుకుంటాయి. మీ కెమెరాలో రాత్రి రెండింటికి పడుతున్న ఫొటోల అర్థం అదే.

నా మొదటి సీజన్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. హాకింగ్ కౌంటీలో ఒక పెద్దాయన 40 ఎకరాలు చూపించి వేటాడుకోమన్నాడు. నేను ప్రతి ఆదివారం వెళ్ళి కెమెరా కార్డులు మార్చుకుని, అడవి ఈ చివర నుంచి ఆ చివర దాకా పెళ్ళిసంబంధం చూడ్డానికి వెళ్ళినంత శ్రద్ధగా తిరిగేవాణ్ణి. సీజన్ మొదలయ్యాక పదకొండు సాయంత్రాలు చెట్టు మీద కూర్చుంటే ఉడతలు కనిపించాయి. చివరికి ఆ పెద్దాయన్ని అడిగాను, ఇక్కడ జింకలు అసలున్నాయా అని. "నువ్వొచ్చిన రోజు తప్ప మిగతా రోజులన్నీ మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాయి కదయ్యా" అన్నాడు.

అయితే తప్పంతా మీది కాదు. మీరు ఒక్కసారి కూడా వెళ్ళకపోయినా ఆ ఐదూ సెప్టెంబర్‌లో అలా కలిసి కనిపించేవి కావు. వేసవిలో మగజింకలకి కొట్లాడుకునే పని ఉండదు. కొమ్ములు ఇంకా పెరుగుతుంటాయి, వాటి మీద నూగు చర్మం ఉంటుంది, ఇక్కడివాళ్ళు వెల్వెట్ అంటారు. అందుకని నాలుగైదు కలిసి, తోటి కుర్రాళ్ళతో చాయ్ కొట్టు దగ్గర కూర్చున్నట్టు, వెలుతురుండగానే చేలోకి వచ్చి మేస్తాయి. పగటి నిడివి తగ్గే కొద్దీ ఒంట్లో హార్మోన్లు మారతాయి. ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబర్ మధ్యలోపు ఆ చర్మం ఎండిపోతుంది. చెట్లకి, పొదలకి రాసుకుంటే ఒకటి రెండు రోజుల్లో ఊడిపోతుంది. దాంతోపాటే స్నేహమూ ఊడిపోతుంది. కొన్ని అక్కడే ఉండిపోతాయి, కొన్ని మైలు, అంతకు మించి కూడా దూరం జరిగి చలికాలపు మకాం చూసుకుంటాయి. మీ ఐదింటిలో ఒకటో రెండో మిగలొచ్చు. వేరే పొలంలో వేసవి గడిపినది ఇంకోటి మీ వైపుకి రావచ్చు. జూలై ఫొటోలు పట్టుకుని సెప్టెంబర్‌లో వెతకడం అంటే పోయిన అద్దె ఇంటి చిరునామాకి ఉత్తరం రాయడమే.

మన కృష్ణజింకలా వీటి కొమ్ములు జీవితాంతం ఉండవు. దుప్పికి, కణుజుకి లాగా ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్తే రాలిన కొమ్ములు దొరుకుతాయి. అసలు స్కౌటింగ్‌కి, అంటే వేటకి ముందు జింకల జాడలు చూసుకోవడానికి, మంచి కాలం కూడా అదే. ఆకు ఉండదు, సీజన్ అయిపోయి ఉంటుంది, మీరు ఎంత తొక్కినా నష్టం లేదు. నిరుటి దారులు, రుద్దిన చెట్లు, పడకలు అన్నీ అచ్చు వేసినట్టు కనిపిస్తాయి. ఆ పని వచ్చే ఏడాదికి రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మేత సంగతి. మీ పొలంలో జింకలు మాయం కావడానికి సగం కారణం సోయా ఆకు. పచ్చగా ఉన్నన్నాళ్ళూ సోయా ఆకంటే జింకకి ప్రాణం. సెప్టెంబర్‌లో ఆ ఆకు పసుపుకి తిరుగుతుంది. తిరిగిన వారంలోనే ఆ చేను వాటికి చప్పబడిపోతుంది. కాయలు ఎండి గింజ గట్టిపడ్డాక, చలి పెరిగాక మళ్ళీ వస్తాయి, అది వేరే విషయం. మొక్కజొన్న ఇంకో తికమక. నిలబడున్న మొక్కజొన్న చేను జింకకి అన్నమూ, ఇల్లూ. పగలంతా అందులోనే పడుకుని బయటికి రాకుండా గడిపేయగలదు. కోత మిషన్ దిగిన రోజున అవన్నీ అడవిలోకి వస్తాయి. కాబట్టి నాలుగు కెమెరాల కంటే మీకు ఎక్కువ పనికొచ్చేది ఒక ఫోన్ కాల్. మీ స్నేహితుడి మామగారిని అడగండి: ఏ చేను ముందు కోస్తారు, ఎప్పుడు కోస్తారు, ట్రాక్టర్ మీద ఉన్నప్పుడు జింకలు ఎటు నుంచి ఎటు దాటుతూ కనిపిస్తాయి. ట్రాక్టర్‌ని అవి పెద్దగా లెక్కచేయవు, దానిమీద కూర్చున్న మనిషి మీరు చూడలేనివి చూస్తాడు. పోయేటప్పుడు ఒక స్వీటు డబ్బా పట్టుకెళ్ళండి. కంచె కూలి ఉంటే నిలబెట్టి రండి.

సోయా పసుపు తిరగడం, మగజింకల కొమ్ముల చర్మం ఊడటం, ఓక్ కాయలు రాలడం, ఈ మూడూ సుమారుగా ఒకే నెలలో పడతాయి. మూడో దాని గురించి ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. ఆ పేరే మీ ఉత్తరంలో లేదు.

ఓక్ చెట్లలో తెల్ల ఓక్, ఎర్ర ఓక్ అని రెండు కుటుంబాలు. ఆకు చూస్తే తెలుస్తుంది. తెల్ల ఓక్ ఆకు అంచులు వేళ్ళ కొసల్లా గుండ్రంగా ఉంటాయి, ఎర్ర ఓక్ ఆకు అంచులు మొనదేలి చివర సన్నటి ముల్లులా ఉంటాయి. తెల్ల ఓక్ కాయ ఒకే ఏడాదిలో పండి సెప్టెంబర్, అక్టోబర్‌లలో రాలుతుంది. ఎర్ర ఓక్ కాయకి రెండేళ్ళు పడుతుంది. ఎర్ర ఓక్ కాయలో వగరు ఎక్కువ. తెల్ల ఓక్ కాయలో తక్కువ, అందుకే జింక ముందు దాని కిందికే పోతుంది. తెల్ల ఓక్ కాయలు రాలుతుంటే సోయా చేనుని చూడటం కూడా మానేస్తుంది. ఇక్కడ మెలిక ఏమిటంటే మన మామిడిలాగే ప్రతి చెట్టూ ప్రతి ఏడూ కాయదు. మీ అడవిలో తెల్ల ఓక్‌లు ముప్పై ఉండొచ్చు, ఈ ఏడు కాసేవి మూడే కావచ్చు. ఆ మూడూ ఏవో తెలిసినవాడు ముందు వరసలో ఉన్నట్టు. కనుక్కోవడానికి దుర్భిణి పట్టుకుని కొమ్మల చివర్లు చూడటమే. ఆకు పచ్చగా ఉన్నప్పుడే కాయలు కనిపిస్తాయి. రాలిన కాయల మధ్య తాజా పెంటికలు, పగిలిన పెచ్చులు ఉన్నాయంటే అక్కడికి జింక వస్తోందని అర్థం.

రెండు వారాలయ్యాక మీరు ఒక్కసారి లోపలికి వెళ్ళాలి, ఈ ఓక్‌ల కోసమే. ఏ రోజు వెళ్ళాలన్నది ముఖ్యం. ఎండ కాసే ప్రశాంతమైన ఉదయం వద్దు. జల్లు పడుతున్న రోజో, గాలి గట్టిగా కొట్టే రోజో చూసుకుని మధ్యాహ్నం పదకొండు నుంచి రెండు మధ్య వెళ్ళండి. ఆ వేళకి అవి పడుకుని నెమరు వేస్తుంటాయి. వాన మీ వాసన కడిగేస్తుంది, గాలి మీ చప్పుడు మింగేస్తుంది. రబ్బరు బూట్లు వేసుకోండి, ప్యాంటు బూట్ల లోపలికి దోపండి. దీనికి వాసన ఒక్కటే కారణం కాదు. ఒహాయోలో నల్లకాళ్ళ పిడుదులు లైమ్ వ్యాధి తెస్తాయి. లోన్ స్టార్ అనే ఇంకో రకం పిడుదు కుడితే కొందరికి మటన్, బీఫ్ లాంటి మాంసం తింటేనే ఒళ్ళంతా దద్దుర్లు లేచే అలర్జీ వస్తుంది. జింక మాంసం కోసం పోయి జీవితాంతం మటన్ బిర్యానీకి దూరమవడం కంటే పెద్ద శిక్ష మన వాళ్ళకి ఇంకేముంటుంది? బట్టలకి పిడుదుల మందు పర్మెత్రిన్ ముందు రోజే కొట్టి ఆరబెట్టుకోండి, ఇంటికి రాగానే స్నానం చేసి ఒళ్ళు చూసుకోండి. తగిలితే ఒళ్ళు దద్దుర్లెక్కే మూడాకుల పాయిజన్ ఐవీని ముట్టుకోకండి.

ఆ ఒక్క నడకలో మీరు చూడాల్సినవి ఇవీ అని పెద్ద పట్టిక ఇవ్వను. జింక పగలు ఎక్కడ పడుకుంటుంది, సాయంత్రం ఎక్కడ తింటుంది, ఆ రెంటికీ మధ్య ఏ దారిన నడుస్తుంది. ఇంతే. అడుగుజాడలు చూసి మగదా ఆడదా అని తేల్చేవాళ్ళ మాట నమ్మకండి, పెద్ద గిట్ట పెద్ద జింకదని తప్ప ఇంకేమీ తెలియదు. సెప్టెంబర్‌లో కొత్తగా రుద్దిన చెట్టు కనిపిస్తే మాత్రం ఆగండి. బెరడు ఊడి, లోపలి చెక్క తడిగా, పచ్చి వాసన వేస్తుంటే ఆ మగజింక మకాం ఎక్కువ దూరంలో లేదు. చెట్టుకి ఏ వైపు రుద్దిందో చూడండి, సాధారణంగా అది నడిచొచ్చిన వైపే ఉంటుంది. అలాంటివి నాలుగైదు వరుసగా కనిపిస్తే దాని రోజువారీ దారి దొరికినట్టే. పడక అంటే గడ్డి కోడిగుడ్డు ఆకారంలో అణిగి ఉంటుంది. చిన్నా పెద్దా పడకలు గుంపుగా ఉంటే తల్లీపిల్లలవి. ఒంటరిగా, పెద్దగా, మిట్ట అంచున, వెనక నుంచి గాలి వీచే చోట, ముందు లోయ కనిపించేలా ఉంటే అది మగరాయుడిది. అక్కడి దాకా వెళ్ళకండి. ఆ చోటుని దూరం నుంచి గుర్తించి వెనక్కి తిరగండి. పడకలోంచి లేపిన ముసలి మగజింక ఈ సీజన్‌కి మీకు దాదాపు లేనట్టే.

కొషాక్టన్ నేల గురించి ఒక మాట. ఒహాయోలో వాయవ్యమంతా హిమానీనదాలు దువ్వి చదును చేసిన నేల. మీ కౌంటీలో ఎక్కువ భాగం దాకా అవి రాలేదు, అందుకే గుట్టలూ లోయలూ మిగిలాయి. చదును పొలంలో గాలి ఎటు వీస్తోందో ఫోన్‌లో చూస్తే సరిపోతుంది. గుట్టల్లో ఫోన్ చెప్పేది సగం నిజం. ఎండ పడ్డాక ఉదయం గాలి వాలు మీదుగా పైకి పాకుతుంది. సాయంత్రం నేల చల్లబడగానే అదే గాలి నీళ్ళలా కిందికి జారి వాగు వెంట పారుతుంది. ఇప్పుడు మీ మంచె వాలు మీద ఉందనుకోండి, కింద చేను. జింకలు సాయంత్రం చేలోకి వస్తాయని మీరు ఎదురుచూస్తుంటే, సూర్యుడు దిగిన పావుగంటకి మీ వాసన మీకంటే ముందు చేలోకి దిగి కూర్చుంటుంది. ఎంత పడమటి గాలి ఉందని యాప్ చెప్పినా ఇంతే.

మంచె అన్నాను, ఆలోచించే అన్నాను. ఇక్కడ ట్రీ స్టాండ్ అనేది మన జొన్నచేలల్లో పిట్టలు తోలడానికి వేసే మంచెకి దాయాదే. తేడా ఏమిటంటే మన మంచె మీదివాడు కేకలేస్తాడు, ఇక్కడివాడు తుమ్ము కూడా మింగుకోవాలి. 18 నుంచి 20 అడుగుల ఎత్తున కడతారు. ఎక్కడం మొదలుపెట్టిన క్షణం నుంచి దిగి నేల మీద కాలు పెట్టేదాకా నడుముకి, భుజాలకి పట్టీలున్న హార్నెస్ తాడుకి తగిలించి ఉండాలి. విల్లు వేటలో దెబ్బలు తగిలేది ఎక్కువగా చెట్టు మీంచి పడటం వల్లే. మంచె కట్టడం, అడ్డొచ్చే రెమ్మలు తీయడం ఆ ఒక్క నడక రోజునే ముగించండి. రెమ్మ కొట్టడానికి కూడా యజమానిని అడగండి, పొలం ఆయనది.

చోటు ఎంచుకునేటప్పుడు చాలామంది "జింక ఎక్కడికి వస్తుంది" దగ్గరే ఆగిపోతారు. నేను ముందు చూసేది నేను ఎలా వెళ్తాను, చీకట్లో ఎలా బయటికొస్తాను అనేది. మీ పొలంలో వాగు ఉందన్నారు. వాగులో నడిస్తే చప్పుడు నీళ్ళలో కలిసిపోతుంది, నేలమీద వాసన మిగలదు, గట్లు మిమ్మల్ని దాస్తాయి. వాగు నుంచి యాభై గజాల్లో ఉన్న మామూలు చోటు, అడవి నడిబొడ్డున ఉన్న అద్భుతమైన చోటు కంటే నయం. గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది, చలిగాలి ముంచుకొచ్చిన మర్నాడు వాయవ్యం నుంచి. అందుకని మంచె దారికి తూర్పు వైపున పడేలా ఒకటి చూసుకోండి. తూర్పు గాలి వీచే రోజుకి ఇంకోటి చూసుకోండి, కుదరకపోతే ఆ రోజు ఇంట్లో ఉండండి. గాలి కుదరని రోజు మంచి మంచె మీద కూర్చోవడం అంటే రెండు నెలల ఓపికని ఒక్క సాయంత్రంలో తగలేయడం.

వాసన చంపే స్ప్రేలు అంటూ కొట్లలో చాలా అమ్ముతారు. కొన్నాను, వాడాను, గాలి తప్పితే ఏదీ కాపాడలేదు. కానీ మన ఇళ్ళకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది: తిరగమోత. ఇంగువ పోపు వేసిన రోజున హాల్లో ఆరేసిన చొక్కా ఆఫీసులోనే పట్టించేస్తుంది, అడవిలో చెప్పాలా? వేట బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి, బయట ఆరేసి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో గ్యారేజీలో పెట్టండి. పొలం దగ్గరే మార్చుకోండి. బట్టల్ని మెరిపిస్తామనే డిటర్జెంట్లు వద్దు. జింక కన్నుకి ఎరుపు, నారింజ సరిగ్గా ఆనవు గానీ నీలం, దాని పైన మనకి కనిపించని కాంతి బాగా తెలుస్తాయి. ఆ మెరుపు పదార్థాలు సరిగ్గా అక్కడే వెలుగుతాయి. నీలం జీన్స్ కూడా అంతే.

కెమెరాలు తీసేయక్కర్లేదు. అడవి లోపలివి రెండు తీసేయండి, చేను అంచున, వాగు దాటే చోట రెండు చాలు. ఉత్తరం వైపు తిప్పి కట్టండి, పొద్దున సాయంత్రం సూర్యుడు కంట్లో కొట్టడు. ముందున్న గడ్డి కోసేయండి, లేకపోతే గాలికి ఊగే గడ్డివి మూడు వందల ఫొటోలు చూడాల్సి వస్తుంది. కార్డు కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళే బదులు ఫోన్‌కి పంపే రకం కెమెరా ఒకటి కొనుక్కుంటే పెట్రోలు ఖర్చుకి సరిపోతుంది. మిగతా సాయంత్రాలు మీ చేతులు ఊరుకోకపోతే, రోడ్డు మీద బండిలోనే కూర్చుని, దుర్భిణితో చేను అంచులు చూడండి. చీకటి పడ్డాక మాత్రం లైటు వేసి చేలు వెతక్కండి. బండిలో విల్లు ఉండగా ఆ పని చేస్తే వైల్డ్‌లైఫ్ ఆఫీసర్‌కి మీరు చెప్పే కథ వినే ఓపిక ఉండదు.

మొక్కజొన్న గింజలు చల్లి ఎర వేయొచ్చా అని మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు సలహా ఇచ్చే ఉంటారు. ఒహాయోలో ప్రైవేటు నేల మీద చాలా చోట్ల అది చట్టబద్ధమే. ప్రభుత్వ నేల మీద కుదరదు. హార్డిన్, మారియన్, వయాండాట్ కౌంటీల వైపు సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు కనిపించినందువల్ల అక్కడా నిషేధం. ఈ హద్దులు మారుతుంటాయి, ఏటా చూసుకోవాలి. చట్టం ఒప్పుకున్నా నా సలహా వద్దనే. గింజల కుప్ప చుట్టూ జింకలు రాత్రిపూట చేరడం నేర్చుకుంటాయి, మీరు మళ్ళీ ఆ రాత్రి రెండు గంటల ఫొటోల దగ్గరికే వస్తారు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో నీళ్ళ పక్కన దెబ్బలేమీ లేకుండా చచ్చిపడున్న జింక కనిపిస్తే మాత్రం వైల్డ్‌లైఫ్ డివిజన్‌కి చెప్పండి. అది చిన్న ఈగలు తెచ్చే ఈహెచ్‌డీ జబ్బు కావచ్చు. మీ జింకలు తగ్గడానికి అదీ ఒక కారణం కావచ్చు.

వేరే చోటు వెతుక్కోవాలా అన్నారు. 70 ఎకరాలు విల్లు వేటకి తక్కువేమీ కాదు. కాకపోతే ప్రతి వారం ఒకే చోట కూర్చోకుండా ఉండటానికి రెండో చోటు ఉండటం మంచిదే. మీ కౌంటీలోనే వుడ్‌బరీ వైల్డ్‌లైఫ్ ఏరియా ఉంది, సుమారు 19,000 ఎకరాలు, అందరిదీ. గాలి కుదరని రోజుల్లో, చేతులు దురద పెట్టే రోజుల్లో అక్కడికి పోయి నేర్చుకోండి, పొలాన్ని ఊపిరి పీల్చుకోనివ్వండి.

సీజన్ సాధారణంగా సెప్టెంబర్ ఆఖరి శనివారం మొదలై ఫిబ్రవరి మొదటి ఆదివారం దాకా ఉంటుంది. అంటే నాలుగు నెలలు. మీరు మొదటి రోజునే పరీక్ష అనుకుంటున్నారు. మొదటి రెండు వారాలు సాయంత్రాలు మాత్రమే వెళ్ళండి, మేత అంచునే ఉండండి. ఉదయం చీకట్లో వెళ్తే చేలోంచి తిరిగొస్తున్న జింకల్నే తొక్కుకుంటూ పోతారు. అక్టోబర్ ఆఖరుకి లెక్క మారుతుంది. ఒహాయోలో జింకలు ఎదకొచ్చేది నవంబర్ మధ్యలో. దానికి ముందు రెండు వారాలు మగజింకలు తిండి మాని, పగటి పూట కూడా ఆడజింకల పడకల చుట్టూ తిరుగుతాయి. వంగిన కొమ్మ కింద నేల గీకి, ఆ కొమ్మకి మొహం రాసి గుర్తులు పెడతాయి. జూలైలో ఏ పొలంలోనూ చూడని కొమ్ములు ఆ రోజుల్లో మీ వాగు దాటతాయి. సెలవులు మిగుల్చుకోవాలంటే నవంబర్ మొదటి పది రోజులకి మిగుల్చుకోండి. అప్పుడు ఎక్కడ కూర్చోవాలో కూడా ఇప్పటి నడకలోనే చూసుకోవచ్చు. రెండు గుట్టల మధ్య కనుమ, వాగు మీద జింకలు దాటే రేవు, కంచె తెగిన చోటు, ఇలా నేల ఇరుకైన చోట్లన్నీ గుర్తు పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. దశరథుడు నీళ్ళ చప్పుడు విని బాణం వేసి ఏం తెచ్చుకున్నాడో మీకు తెలుసు. మసక వెలుతురులో ఆకుల చప్పుడికి, కదిలిన నీడకి ఎప్పుడూ బాణం ఎక్కుపెట్టకండి. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా చట్టం ఒప్పుకుంటుంది. మీ కన్ను ఒప్పుకోకపోతే అంతకు ముందే దిగేయండి.

ఇక మీ ఆవిడ మాట. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల జింక. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. అదే 1972లో అమెరికా ఇంకో దారి పట్టింది. తుపాకులు, తూటాల మీద 1937 నుంచి వసూలు చేసి అడవి జంతువుల సంరక్షణకి ఖర్చుపెడుతున్న పన్నుని ఆ ఏడు విల్లు బాణాలకి కూడా విస్తరించింది. మీరు కొన్న విల్లు ధరలో ఆ డబ్బు ఉంది. ఒహాయోలో 1904 నాటికి జింకే లేకుండా పోయింది, విచ్చలవిడిగా వేటాడి, అడవి కొట్టి. ఇవాళ 88 కౌంటీల్లోనూ ఉన్నాయి, తోడేళ్ళు లేవు, రోడ్ల మీద కార్లకి గుద్దుకుని చస్తున్నాయి. కాబట్టి ఇక్కడ వాటి సంఖ్యని అదుపులో ఉంచడం వేటగాడి పని. ఇదంతా ఆవిడకి ఒకసారి చెప్పండి, ఒప్పుకోమని పోట్లాడకండి. నచ్చకపోవడం ఆవిడ ఇష్టం. మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా ఒప్పందం ఒక్కటే: మాంసం శుభ్రం చేసేదీ, వండేదీ నేను, గిన్నెలు తోమేదీ నేనే.

చివరగా, గాలిని చూడటానికి వేటగాళ్ళ కొట్లో పొడి డబ్బా అమ్ముతారు, అది మూడడుగుల దూరం వెళ్ళి కనబడదు. మీ చేను గట్ల మీద మిల్క్‌వీడ్ మొక్క ఉంటుంది, మన జిల్లేడుకి చుట్టం. విరిస్తే అవే పాలు, కాయలో అదే దూది. ఆ దూది గింజ ఒకటి మంచె మీంచి వదిలితే యాభై గజాల దాకా కళ్ళ ముందే తేలుతూ పోతుంది, ఏ లోయలోకి దిగుతుందో, ఏ చెట్టు దగ్గర తిరుగుతుందో చూపిస్తుంది. ఇప్పుడే కోయకండి, కాయలు ఇంకా పచ్చిగా ఉంటాయి. గోధుమరంగుకి తిరిగి, వేలితో నొక్కితే అతుకు విచ్చుకునే రోజుల్లో నాలుగు కోసి పాత చొక్కా జేబులో వేసుకోండి.